పొదిగే పెట్టె కథ: మట్టి బట్టీ నుంచి థర్మాకోల్ డబ్బా దాక



నాటుకోళ్లు పెంచే ప్రతి ఒక్కరికీ ఏదో ఒక రోజు ఈ ఆలోచన వస్తది: ఒక థర్మాకోల్ డబ్బా, రెండు బల్బులు, ఒక చిన్న ఫ్యాను పెట్టి ఇంట్లనే గుడ్లు పొదిగే మిషన్ చేసుకుంటే ఎట్లుంటది అని. చేసుకోవచ్చు. మన ఇబ్రహీంపూర్‌ల కూడా చేసుకోవచ్చు, పెద్ద ఖర్చు కాదు. కానీ ఆ డబ్బా వెనుక రెండు వేల ఏండ్లకు పైబడిన కథ ఉంది. ఆ కథ తెలిస్తే గుడ్లు ఎందుకు మురుగుతయో తెలుస్తది. మనం దేన్ని పోగొట్టుకోవద్దో కూడా తెలుస్తది.

ముందు కోడి పెట్ట సంగతి చూడండి. గంపల ఊకనో గడ్డో వేసి పది, పన్నెండు గుడ్లు పెడితే 21 రోజులు కూసుంటది. చూసేటోళ్లకు ఊరికే కూసున్నట్టే ఉంటది. కానీ అది నాలుగు పనులు చేస్తది. ఒంటి వేడి ఇస్తది. ముక్కుతోటి, కాళ్లతోటి గుడ్లను తిప్పుతది. గుడ్డు ఎండిపోకుండ తడి నిలుపుతది. మేతకు లేచినప్పుడు గాలి తగలనిస్తది. మనిషి చేసిన ప్రతి మిషన్ ఈ నాలుగు పనులకు నకలే.

ఈ నకలు మొదలు చేసినోళ్లల్ల ఈజిప్టు రైతులు ఉన్నరు. అక్కడ గుడ్లను పెంటకుప్ప వేడికి పొదిగిస్తరని క్రీస్తు పూర్వం నాలుగో శతాబ్దంలనే గ్రీకు పండితుడు అరిస్టాటిల్ రాసిండు. తర్వాత వాళ్లు మట్టి ఇటుకలతోటి పెద్ద బట్టీలు కట్టిన్రు. కింది అరల గుడ్లు, పై అరల పిడకలు, గడ్డి కాల్చిన మంట. థర్మామీటర్ లేదు. గుడ్డును కంటి రెప్పకు ఆనించి వేడి ఎంతుందో చెప్పేటోళ్లు. ఆ పని తండ్రి నుంచి కొడుక్కు వచ్చేది.

చైనాల ఇంకో ఉపాయం చేసిన్రు. వేడి చేసిన వడ్ల నడుమ గుడ్లు పెట్టి గంపలల్ల పొదిగించిన్రు. వాళ్లు కనిపెట్టిన ముచ్చట ఏందంటే, పొదుగు మొదట్ల గుడ్డు వేడిని తీసుకుంటది, ఆఖరు రోజులల్ల లోపలి పిల్ల పెరిగి గుడ్డే వేడి ఇస్తది. అందుకే పాత గుడ్ల పక్కన కొత్త గుడ్లు పెట్టేది. ఇదే తీరుగ బంగ్లాదేశ్‌ల ఊక, కిరోసిన్ దీపం పెట్టి పల్లెటూరి ఆడవాళ్లు బాతు, కోడి పిల్లలను లేపిన్రు.

1749ల ఫ్రాన్స్ శాస్త్రవేత్త రోమ్యూర్ దీని మీద పెద్ద పుస్తకమే అచ్చేసిండు. ఆయన కుళ్లే పెంట వేడి వాడి చూసిండు. వేడి సరిపోయింది కానీ పెంట నుంచి లేచే ఆవిరి తగిలి గుడ్డులనే పిల్లలు చచ్చినయి. గుడ్డు కూడా ఊపిరి తీసుకుంటదని అప్పుడు గట్టిగ అర్థమైంది. డబ్బాకు బొక్కలు పెట్టనోళ్లు ఇయ్యాల్టికీ చేసే నష్టం ఇదే.

తర్వాతి చిక్కు వేడిని ఒక్క తీరుగ నిలుపుడు. 1881ల ఇంగ్లాండ్‌ల హియర్సన్ అనే ఆయన దానికి దారి చూపిండు. ఒక చిన్న లోహపు బిళ్లల ద్రవం పోసి మూసిండు. వేడి హద్దు దాటితే ద్రవం ఆవిరై బిళ్ల ఉబ్బుతది, అది మూత లేపి దీపం వేడిని బయటికి పంపుతది. ఇప్పుడు మనం కొనే చిన్న డిజిటల్ థర్మోస్టాట్ చేసేది గా పనే. 1918ల అమెరికాల స్మిత్ అనే ఆయన ఫ్యాను గాలి తిప్పే పద్ధతికి పేటెంట్ తీసుకున్నడు. ముదురు గుడ్ల వేడిని గాలి మోసుకపోయి లేత గుడ్లకు ఇస్తది. చైనా గంప సూత్రమే, కాకుంటే వేల గుడ్లకు.

ఆ పెద్ద మిషన్లతోటే హేచరీలు వచ్చినయి. మన హైదరాబాద్ మనిషి డాక్టర్ బి.వి. రావు 1971ల వెంకటేశ్వర హేచరీస్ పెట్టిండు. గుడ్డు, కోడికూర సామాన్యుడికి అందినయంటే ఈ మిషన్ల చలవే.

కానీ ఇక్కడ ఒక మాట గట్టిగ గుర్తుంచుకోవాలె. పొదుగుకు కూసున్న కోడి గుడ్డు పెట్టది. హేచరీకి అది నష్టం. అందుకే తరతరాలుగ పొదగని కోళ్లనే ఏరి పెంచిన్రు. తెల్ల లెగ్‌హార్న్ కోడికి ఇయ్యాల పొదుగుడే దాదాపు తెల్వదు. రాజేంద్రనగర్‌ల 1988ల మొదలైన కోళ్ల పరిశోధన సంస్థ పెరటి కోసం వనరాజా, గ్రామప్రియ తెచ్చింది. మంచి కోళ్లే, బరువూ గుడ్లూ ఎక్కువ. కానీ అవి పొదుగుకు కూసునుడు అరుదు. వాటి పిల్లల పిల్లలల్ల ఆ గుణం అట్లనే నిలువదు. అంటే మళ్లీ పిల్లలు కొనాలె, పత్తి విత్తనం ఏటేటా కొన్నట్టే.

మన ఇంటి డబ్బా కూడా ఇదే దారిల పోవచ్చు. ఊరికోడి ఏడాదికి పెట్టేది 60 నుంచి 80 గుడ్లు. పొదుగుకు, పిల్లల వెంట తిరుగుడుకే నెలలు పోతయి. గుడ్లు డబ్బాల పెడితే కోడి తొందరగ మళ్లీ గుడ్లకు వస్తది, లాభమే. కానీ ఎక్కువ గుడ్లు పెట్టేదాన్నే ఉంచుకుంట, పొదిగేదాన్ని అమ్ముకుంట పోతే కొన్ని తరాలకు మన దొడ్డిల పొదిగే కోడి ఉండది. అప్పుడు కరెంటు లేకుంటే పిల్ల లేదు.

కాబట్టి నా మాట ఇది. డబ్బా చేసుకోండి. ఫ్యాను ఉంటే 99.5 నుంచి 100 డిగ్రీల ఫారన్‌హీట్ ఉంచండి. రోజుకు కనీసం మూడు సార్లు గుడ్లు తిప్పండి, 18వ రోజు ఆపండి. నీళ్ల గిన్నె పెట్టండి, ఆఖరు మూడు రోజులు తడి పెంచండి. గాలికి బొక్కలు ఉండాలె. కరెంటు పోతే మూత తియ్యకుండ గొంగడి కప్పండి, ఎక్కువసేపు పోతే వేడినీళ్ల సీసాలు లోపల పెట్టండి. సంఖ్య కోసం ఇది.

విత్తనం కోసం మాత్రం మంచిగ కూసునే, పిల్లలను గద్ద నుంచి కాపాడే రెండు మూడు పెట్టలను అమ్మకండి. ఏడాదికి ఒక్క పొదుగన్నా వాటి కిందనే పెట్టండి. మరుసటి ఏడు పెంచే పెట్టలను, పుంజులను ఆ పిల్లలల్ల నుంచే ఏరుకోండి. డబ్బా పాడైతే ఇంకోటి కొనుక్కుంటం. ఆ గుణం పోతే మాత్రం ఏ దుకాణంల దొరకదు.