పక్షులలో తల్లి వయసు ప్రభావం

గుడ్ల పరిమాణం, సంఖ్య, పోషకాల కొరకు తల్లి పక్షి వెచ్చించే శక్తి దాని వయసును బట్టి మారడాన్ని తల్లి వయసు ప్రభావం అంటారు. గుడ్డులో పెరిగే పిండానికి తల్లి సమకూర్చిన పచ్చసొన, తెల్లసొన, పెంకులోని కాల్షియం తప్ప వేరే ఆహారం లభించదు. కనుక ఈ మార్పు పిల్ల మనుగడపై ప్రభావం చూపుతుంది.

సిద్ధాంతం

ఒక ఈతకు ఎక్కువ శక్తి వెచ్చించిన పక్షికి తన ప్రాణరక్షణకు, ముందు ఈతలకు మిగిలేది తగ్గుతుంది. వయసు మీరిన పక్షికి ముందు ఈతలు కొద్దిగానే ఉంటాయి. కాబట్టి అది ప్రస్తుత ఈతకే ఎక్కువ వెచ్చించవచ్చునని జార్జ్ సి. విలియమ్స్ 1966లో ప్రతిపాదించాడు. దీనిని అంతిమ పెట్టుబడి అంటారు. మరోవైపు వార్ధక్యం వలన శరీర సామర్థ్యం క్షీణిస్తుంది. ఈ రెండింటిలో ఏది బలమైనదన్నది జాతిని బట్టి మారుతుంది.

కోళ్ళలో

పెట్ట సుమారు 18-20 వారాల వయసులో గుడ్లు పెట్టనారంభిస్తుంది. తొలి గుడ్లు చిన్నవి. వయసుతోబాటు గుడ్డు బరువు, అందులో పచ్చసొన పాలు పెరుగుతాయి. పెంకులో చేరే కాల్షియం మాత్రం అంతగా పెరగదు. అందువలన ముదురు పెట్టల గుడ్ల పెంకు పలుచబడి, పగిలేవి ఎక్కువవుతాయి. లేత పెట్టల పిల్లలు చిన్నవిగా ఉండి తొలి వారంలో ఎక్కువగా చనిపోతాయి. ముదురు పెట్టల పిల్లలు పెద్దవి, కాని పొదిగే గుడ్ల శాతం తగ్గుతుంది.

సముద్ర పక్షులలో

కాలిఫోర్నియా గల్ పక్షులలో వయసైన తల్లిదండ్రులు పిల్లలకు ఎక్కువ మేత తెస్తాయని బ్రూస్ పుగెసెక్ 1981లో ప్రకటించాడు. మెక్సికోలోని నీలికాళ్ళ బూబీలలో గుడ్డు పరిమాణం యౌవనంలో పెరిగి, వృద్ధాప్యంలో తగ్గుతుంది. లేసాన్ ఆల్బట్రాస్ ఏడాదికి ఒక గుడ్డు మించి పెట్టదు. 1956లో మిడ్వే దీవిలో కాలికి గుర్తు కడియం వేసిన విజ్‌డమ్ అనే ఈ జాతి పక్షి, 2024 చివరలో సుమారు 74 ఏళ్ళ వయసులో గుడ్డు పెట్టింది. 2025 జనవరిలో అందులోనుండి పిల్ల వెలువడింది.

పరిశీలనలో చిక్కు

బలహీనమైన పక్షులు ముందుగానే చనిపోవడం వలన వృద్ధ పక్షులలో బలమైనవే మిగులుతాయి. అందుచేత లేత, ముదురు పక్షులను పోల్చి చూస్తే వయసు వలన గుడ్లు మెరుగైనట్లు భ్రమ కలుగవచ్చు. ఒకే పక్షిని ఏళ్ళ తరబడి గమనించినపుడే వయసు ప్రభావం సరిగా తెలుస్తుంది.