చార్టులకెక్కిన మావోరి పాట 'పోయ్ ఎ'

ఇక్కడి స్కూళ్లలో మన పిల్లలు కూడా నేర్చుకునే మావోరి పాట 'పోయ్ ఎ'. పోయ్ అంటే తాడు చివర కట్టి లయగా తిప్పే బంతి. పాట రాసినవారు న్గోయి పేఫైరంగి. తమ భాష, పుట్టుక పట్ల మావోరి పిల్లలు గర్వపడాలన్నది ఆవిడ తపన. కుర్రకారు వినేది డిస్కో, బ్రేక్‌డాన్స్ పాటలే కాబట్టి డల్వేనియస్ ప్రైమ్ మావోరి బృందగానానికి సింథసైజర్, డ్రమ్ మెషీన్ బీటు జోడించారు. పాడింది పాటేయా మావోరి క్లబ్. 1982లో మాంసం ఫ్యాక్టరీ మూతపడి, వందల మందికి ఉపాధి పోయిన ఊరది. రికార్డు కంపెనీలు ముందుకు రాకపోవడంతో ప్రైమ్ తన సొంత లేబుల్ 'మౌయి'పైనే విడుదల చేశారు.

1984లో ఆ పాట నాలుగు వారాలు నంబర్ వన్. ఆ ఏడాది న్యూజిలాండ్‌లో ఎక్కువగా అమ్ముడైన సింగిల్ కూడా అదే. మావోరికి అధికార భాష హోదా వచ్చింది 1987లో. తైకా వైటిటి సినిమా 'బాయ్' చివర్లో దీనికి 'థ్రిల్లర్' స్టెప్పులు కలిపారు. దాంతో 2010లో మళ్లీ చార్టులకెక్కింది.

మన జానపదాల డీజే రీమిక్సులు వినగానే పెద్దవాళ్లం మొహం చిట్లిస్తాం. ఇక్కడ పుట్టిన పిల్లల నోట తెలుగు మాట పలికించేది చాలాసార్లు ఆ బీటే. పాట ఆపించడం కన్నా, అందులోని మాటలకు అర్థం చెప్పడం మేలని నా అభిప్రాయం.