పాత చీర దొరకని బొంత

విజయవాడ నుంచి వచ్చే దారి, నాగార్జునసాగర్ నుంచి వచ్చే దారి ఎల్బీనగర్ చౌరస్తాలో కలుస్తాయి. నల్లగొండ, సూర్యాపేట, దేవరకొండ బస్సులు నగరంలో అడుగుపెట్టేది ఇక్కడే. కూతురి కాన్పుకు ఊరి నుంచి వచ్చిన తల్లి ఈ చౌరస్తాలో దిగితే ఆమె చేతిలో ఒక మూట ఉంటుంది. అందులో కాయం డబ్బా, వాము పొట్లం, మెత్తటి పాత గుడ్డలు, వాటి అడుగున రెండు మూడు బొంతలు. తొలి కాన్పు పుట్టింట్లోనే జరగాలన్న ఆనవాయితీని పట్నపు ఆసుపత్రులు, ఉద్యోగాలు తిరగేశాయి. కూతురు ఊరికి పోయే బదులు తల్లే పట్నం వస్తోంది. బొంత మాత్రం చాలాకాలం ఆమె వెంటే వచ్చింది.

ఇప్పుడు ఆ మూటలో బొంతలు తగ్గుతున్నాయి. దిల్‌సుఖ్‌నగర్ మ్యాచింగ్ సెంటర్లలో మీటర్ల లెక్కన గుడ్డ కొని, ఇంట్లో మిషన్ మీద మొదటిసారి బిడ్డ బొంతకు పూనుకునే తల్లులు, పిన్నులు కనిపిస్తున్నారు. కుట్టడం అయ్యేసరికి పైపొర ముడతలు పడుతుంది, మూలలు వంకర పోతాయి. ఒక్క ఉతుకుతో బొంత అంతా కుంచించుకుపోతుంది. చెయ్యి తిరగలేదు గనక ఇలా అయిందని పెద్దవాళ్ళు నవ్వేస్తారు. నిజానికి ఆ తప్పుల్లో సగానికి పైగా గుడ్డ ఖాతాలో రాయాలి. అదెలాగో తెలియాలంటే పాత బొంత లెక్క చూడాలి.

ఆరు గజాల నూలు చీర పొడవు ఐదున్నర మీటర్లు, వెడల్పు మీటరుకు కాస్త ఎక్కువ. దాన్ని ఐదు మడతలు వేస్తే ఐదు పొరలతో దాదాపు చదరమైన పక్క తయారవుతుంది. పసిబిడ్డకు అంతకన్నా పెద్దది అక్కర్లేదు. కత్తెర పెట్టే పనే లేదు. గోచి పోసి కట్టే ఎనిమిది, తొమ్మిది గజాల చీరెలైతే మరో రెండు మూడు పొరలు కలిసొస్తాయి. మడతల్ని నేల మీద పరిచి, మూలల మీద రాళ్ళో చెంబులో బరువు పెట్టి, అటొకరు ఇటొకరు కూర్చుని వరసలు వరసలుగా కుట్టుకొచ్చేవారు. పెద్దవాళ్ళ బొంతకు దబ్బనం, పిల్లల బొంతకు మామూలు సూది. చిరిగిన చోట మాసిక. ఆ మాసిక కూడా మరో చీరలోదే.

పురుడు వెళ్ళేదాకా బిడ్డకు కొత్త గుడ్డ వేయకూడదని చాలా ఇళ్ళలో పట్టింపు. దిష్టి తగులుతుందని కొందరంటారు, పెద్దల ఆయుష్షు బిడ్డకు రావాలని మరికొందరు. నమ్మకం సంగతి ఎలా ఉన్నా గుడ్డ స్వభావం ఆ పట్టింపు పక్షానే ఉంది. ఏళ్ళ తరబడి ఉతికిన నూలులో గంజి మిగలదు. పోవలసిన రంగు ఎప్పుడో పోయి ఉంటుంది. కుంచించుకోవలసినంతా కుంచించుకుని ఉంటుంది. నలిగిన పోగులకు సన్నటి నూగు లేచి ఒక పొర ఇంకో పొరను పట్టుకుంటుంది. కాబట్టి కుట్టేటప్పుడు జారదు. జారడం, రంగు దిగడం, కురచ కావడం అన్న మూడు బాధలూ ఆ అమ్మమ్మలకు తెలియవంటే వాళ్ళ నైపుణ్యం ఒక్కటే కారణం కాదు. చీర అప్పటికే వాళ్ళ పని సగం చేసిపెట్టింది.

దేశంలో మరిన్ని చోట్ల ఇదే పద్ధతి. బెంగాల్‌లో కాంథా, మరాఠ్వాడాలో గోధడీ, ఉత్తర కర్ణాటకలో కౌది. బిహార్‌లోని ముజఫర్‌పూర్ వైపు సుజనీని ముఖ్యంగా పుట్టబోయే బిడ్డ కోసమే కుట్టేవారు. ఆ సుజనీకి భౌగోళిక గుర్తింపు వచ్చింది, నిర్మల్ బొమ్మలకు వచ్చింది, పోచంపల్లి ఇక్కత్‌కు వచ్చింది. తెలుగు బొంత ఏ జాబితాకూ ఎక్కలేదు. అమ్మకానికి పెట్టని వస్తువును ఎవరు లెక్కలోకి తీసుకుంటారు?

వీటన్నిటిలో విచిత్రమైనది ఉత్తర కన్నడ జిల్లా సిద్దీలది. ఆఫ్రికా మూలాలున్న ఈ ఆడవాళ్ళు బొంతను ఒక మూలన మొదలుపెట్టి, అంచు వెంట చుట్టూ తిరుగుతూ లోపలికి వస్తారు. నడిమధ్య ఆఖరున పూర్తవుతుంది. ఇప్పటి కుట్టు పాఠాలన్నీ మధ్య నుంచి అంచులకు పొమ్మంటాయి, అంటే సరిగ్గా తలకిందులు. చేత్తో కుట్టేవాళ్ళు ఎడమచేత్తో పొరల్ని సవరించుకుంటూ పోతారు గనక వాళ్ళకు ఎటు నుంచి వచ్చినా నడుస్తుంది. మిషన్‌కు ఆ ఎడమచెయ్యి లేదు.

పక్క గుడ్డల చరిత్రలో ఎల్బీనగర్ దారికి ఇంకో పాత్ర కూడా ఉంది. ఇది గోల్కొండ రాజ్యాన్ని దాని రేవు మచిలీపట్నంతో కలిపిన దారి. చౌరస్తా దాటి కొద్ది దూరం పోతే హయత్‌నగర్ వస్తుంది. మహమ్మద్ కులీ కుతుబ్ షా కూతురు హయత్ బక్షీ బేగం పేరున వెలిసిన ఊరు అది. ఆమె పేరున్న మసీదు ఇప్పటికీ అక్కడుంది, బాటసారుల కోసం కట్టిన సరాయి గుర్తులూ ఉన్నాయి. ఇంగ్లీషువాళ్ళు మచిలీపట్నంలో 1611లో వర్తక స్థావరం పెట్టారు. చిరివేరుతో ఎర్రరంగు ఎక్కించిన అద్దకపు గుడ్డలు, మంచాల మీద పరిచే పలంగ్‌పోష్‌లు కోరమండల్ తీరం నుంచి ఓడలెక్కి యూరప్ చేరాయి. వాటి గిరాకీ చూసి అక్కడి నేతగాళ్ళు గగ్గోలు పెట్టారు. ఫ్రాన్స్ 1686లో నిషేధించింది, ఇంగ్లండు 1700లో ఒక చట్టం, 1721లో మరింత గట్టి చట్టం చేసింది. అంత ప్రియమైన గుడ్డ పాతదైతే మాత్రం పారేస్తారా? అందులోని పువ్వుల్ని, పక్షుల్ని కత్తిరించి తెల్లగుడ్డ మీద కుట్టి దుప్పట్లు చేసుకోవడం 18వ శతాబ్దం చివరికి ఇంగ్లండులో, అమెరికాలో బాగా పాకింది. ఈ తీరంలో పుట్టిన గుడ్డ అక్కడి అతుకుల దుప్పట్లకు ముడిసరుకైందన్న మాట. అదే కాలంలో ఇక్కడి పల్లెల్లో మామూలు నేత చీర నలిగి బొంతగా మారుతూనే ఉంది. దాని గురించి ఏ కంపెనీ దస్తరంలో రాసుకుంటారు!

ఆ దారి మీదే ఉన్న దిల్‌సుఖ్‌నగర్ ఊరుగా పుట్టింది నిన్నమొన్నే అనుకోవచ్చు. దిల్‌సుఖ్ రామ్ పర్షాద్ అనే భూస్వామి పొలాలు ప్లాట్లయి ఆయన పేరు నిలిచింది. తర్వాత కొత్తపేట, చైతన్యపురి, వనస్థలిపురం కాలనీలు నిండాయి. లాల్‌బహదూర్ శాస్త్రి పేరున్న ఎల్బీనగర్ మున్సిపాలిటీగా ఉండి, 2007లో గ్రేటర్ హైదరాబాద్‌లో కలిసింది. ఈ కాలనీల తొలి తరానికి నల్లగొండ జిల్లా ఊళ్ళతో రాకపోకలు ఎక్కువ. ఆ తరం ఆడవాళ్ళకు బొంత కుట్టడం వచ్చు. కుట్టే తీరికే తగ్గింది.

వీధిలో దూదేకులవాళ్ళ విల్లు మోగితే పరుపులు, దిండ్లు బయటికొచ్చేవి. నారి మీటి, ఉండలు కట్టిన పాత దూదిని విడదీసి మళ్ళీ నింపేవాళ్ళు. ఆ మాటకొస్తే దూది పరుపు, రజాయి వాళ్ళ పని. బొంత ఇంటి ఆడవాళ్ళ పని, అందులో దూది ఉండదు. ఈ తేడా మర్చిపోవడం కూడా ఇప్పటి పొరపాట్లలో ఒకటి. ఉషా కంపెనీ 1930ల నుంచి దేశంలో తయారుచేస్తూ వచ్చిన కుట్టుమిషన్ మధ్యతరగతి ఇళ్ళకు చేరాక జాకెట్లు, లంగాలు ఇంట్లోనే తయారయ్యాయి. బొంత మాత్రం చాలాకాలం మిషన్ ఎక్కలేదు. ఐదారు పొరలంటే సూది విరుగుతుందని భయం.

అసలు దెబ్బ చీర వైపు నుంచి తగిలింది. రిలయన్స్ 1966లో నరోడాలో మిల్లు పెట్టి, ఆ తర్వాత విమల్ పేరుతో పాలియెస్టర్‌ను ఇంటింటికీ చేర్చింది. ఇతర మిల్లులూ అదే బాట పట్టాయి. 1985 జౌళి విధానం నూలుకూ కృత్రిమ దారానికీ మధ్య ప్రభుత్వం చూపే తేడాను చాలావరకు తీసేసింది. ఇస్త్రీ అక్కర్లేదు, ఇట్టే ఆరుతుంది, రంగు చెక్కుచెదరదు. పని చేసుకునే ఆడమనిషికి ఇంతకన్నా మేలైన చీర ఏముంటుంది? ఆ ఎంపికను తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదు. కాకపోతే ఇరవై ఏళ్ళ తర్వాత బీరువా తెరిస్తే బొంతకు పనికొచ్చేది ఒక్కటీ లేదు. పాలియెస్టర్ తడి పీల్చదు, బిడ్డ ఒంటికి చెమట పట్టిస్తుంది, పొర మీద పొర జారిపోతుంది.

జారే గుడ్డతో మిషన్ ఎక్కితే ఏమవుతుందో చూడాలి. మిషన్ కింద ఉన్న పళ్ళు అడుగు పొరను ముందుకు లాగుతాయి. పైనున్న ఫుట్ పై పొరను నొక్కిపెడుతుంది. ప్రతి కుట్టుకూ వెంట్రుకవాసి తేడా. మీటరు పొడవు వచ్చేసరికి పై పొర వేలెడు మిగిలి చివర్న కుప్పపడుతుంది. దీనికి మందు కచ్చా కుట్టు. మధ్య నుంచి నాలుగు వైపులకూ, బెత్తెడు దూరానికొకటి చొప్పున పొడుగు టాకాలు చేత్తో వేసుకుని, ఆ తర్వాతే మిషన్ కింద పెట్టాలి. గుండుసూదులతో సరిపెట్టవచ్చు గానీ ఒక్కటి లోపల మర్చిపోయినా ప్రమాదమే, బొంత మీద పడుకోబెట్టేది పసిబిడ్డను. ఫుట్ ఒత్తిడి తగ్గించి, కుట్టు పొడుగు కాస్త పెంచితే మందపు పొరలు మెల్లగా సాగుతాయి. ఒక వరస అటు నుంచి, పక్క వరస ఇటు నుంచి కుడితే లాగుడు రెండు వైపులా సమం అవుతుంది.

కొత్త నూలు గుడ్డ కొన్నవాళ్ళకు మరో ఇబ్బంది. కోరా గుడ్డ మొదటి ఉతుకుకే మీటరుకు ఐదు సెంటీమీటర్ల దాకా లాక్కుంటుంది. పైన పాలియెస్టర్, కింద కొత్త నూలు వేసి కుడితే కిందది కురచై పైది బుడిపెలు తేలుతుంది. దీన్ని కుట్టాక సరిచేసే దారి లేదు. కొన్న గుడ్డల్ని కత్తెర పెట్టకముందే నానబెట్టి, ఆరేసి, ఇస్త్రీ చేయాలి. ఎరుపు, మెరూన్ ముక్కలుంటే తడిపిన తెల్లగుడ్డతో గట్టిగా రుద్ది చూడాలి. రంగు అంటితే దాన్ని పసివాళ్ళ బొంతలోకి రానివ్వకూడదు. రాళ్ళ ఉప్పు నీళ్ళలో నానబెడితే రంగు ఆగుతుందని ఊరూరా చెప్తారు. అద్దకం తొట్టిలో రంగు పోగుకు పట్టడానికి ఉప్పు సాయపడుతుందన్నది నిజమే. అద్దకం అయిపోయి అంగడికొచ్చిన గుడ్డకు అది చేసే మేలు పెద్దగా ఉండదు.

మెత్తగా ఉంటుందని కొందరు లోపల దూదో ఫైబరో పెడతారు. కుట్టు వరసల మధ్య జానెడు ఎడం ఉంచితే నాలుగు ఉతుకుల్లో అది ఉండలు కట్టి మూలకు చేరుతుంది. వరసలు దగ్గరగా వేస్తే ఉండలు కట్టదు కానీ బొంత అట్టలా బిగుసుకుంటుంది. దూది లేకపోవడమే పాత బొంత సుగుణం. పలచగా ఉంటుంది, పొరల మధ్య గాలి ఆడుతుంది, ఎండలో వేస్తే పూటలో ఆరుతుంది. రోజుకు నాలుగైదుసార్లు తడిసే పక్కకు ఇంతకు మించిన అర్హత లేదు.

అంచుల దగ్గర తొందరపాటు ఎక్కువ. పొరలన్నీ ముందే కొలిచి, సమంగా కత్తిరించి కుడితే చివరికి అవి సమంగా ఉండవు. ప్రతి కుట్టు వరసా గుడ్డను కొంచెం కొంచెం తింటుంది. చుట్టూ రెండు వేళ్ళ వెడల్పు ఎక్కువ వదిలి, కుట్టంతా అయ్యాక కత్తిరించి, క్రాస్ పట్టీతో పైపింగ్ వేస్తే మూలలు కుదురుతాయి. జరీ అంచు అందంగా ఉందని వదల్లేకపోతారు. అది బిడ్డ చెంపకు గీరుకుంటుంది, కోసి తీసేయాల్సిందే. అద్దాలు, చెమ్కీలు, గుండీలు అసలే వద్దు. దేవరకొండ తండాల లంబాడీ ఆడవాళ్ళ పనితనంలో అద్దాలకు, గవ్వలకు ఉన్న వైభవం పెద్దవాళ్ళ బట్టలకు చెందినది. చేతికుట్టు అయితే టాకాలు చిన్నవిగా ఉండాలి. వదులుగా వేలాడే పొడుగు టాకాలో పసివేలు చిక్కుకుంటే దారం బిగిసి రక్తం ఆడదు.

తప్పు కుట్టు విప్పడానికీ ఒక పద్ధతి ఉంది. దారం కొస పట్టుకుని లాగితే గుడ్డ పిగులుతుంది. ఒక వైపు మూడు నాలుగు కుట్లకొకటి తెంపి, రెండో వైపు దారం లాగితే మొత్తం ఊడి వస్తుంది. నూలు గుడ్డను కాస్త తడిపి ఇస్త్రీ పెడితే సూది బెజ్జాలు పూడుకుపోతాయి. పాలియెస్టర్‌లోనూ పట్టులోనూ ఆ బెజ్జాలు అలాగే ఉండిపోతాయి. ఓపిగ్గా నేర్చుకోవాలనుకునే వాళ్ళకు నూలే నయం అనడానికి ఇదొక కారణం.

బొంత వాడకంలోనూ ఒక తేడా గమనించాలి. పాశ్చాత్యుల దుప్పటి బిడ్డ మీద కప్పడానికి, తెలుగిళ్ళ బొంత ప్రధానంగా కింద పరచడానికి. ఏడాది నిండేదాకా బిడ్డ పడుకునే చోట వదులు దుప్పట్లు, దిండ్లు, మెత్తటి బొంతలు ఉండకూడదని అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ హెచ్చరిస్తుంది, ఊపిరాడదన్న భయంతో. 2022లో సవరించిన సూచనల్లోనూ అదే మాట. నిద్రలో కింద పరిచేది కూడా బిగుతుగా, చదునుగా ఉండాలంటారు. అందువల్ల ముచ్చటపడి కుట్టిన మందపాటి బొంత బిడ్డ మెలకువగా ఉన్నప్పుడు నేల మీద పరిచి, పెద్దవాళ్ళ కళ్ళముందు ఆడించడానికి సరిపోతుంది.

2017 జూన్‌లో తెలంగాణ ప్రభుత్వం మొదలుపెట్టిన కేసీఆర్ కిట్‌లో తల్లికి చీరలు, బిడ్డకు బట్టలు, సబ్బులు, నూనెతో పాటు దోమతెర, చిన్న పరుపు కూడా పెట్టారు. ప్రభుత్వ ఆసుపత్రిలో కాన్పైన ఇళ్ళలో అమ్మమ్మ మూట చేసే పనిలో కొంత ఆ సంచి చేసిపెట్టింది. కాకపోతే ఫ్యాక్టరీ పరుపు ఒకసారి నానితే ఆరడానికి రోజు పడుతుంది. దాని మీద రబ్బరు షీటు, షీటు మీద మడత పెట్టిన పాత గుడ్డ వేయక తప్పదు.

ఆ పాత గుడ్డ ఇప్పుడు ఎక్కడ దొరుకుతుంది? చీర పోయింది. తాతగారి పంచెలు, నాన్న లుంగీలు కొంతవరకు ఆదుకుంటాయి. అన్నిటికన్నా పనికొచ్చేది అందరూ చిన్నచూపు చూసే కాటన్ నైటీ. రోజూ తొడిగి రోజూ ఉతికే నూలు బట్ట నగరపు ఇళ్ళలో ఇంచుమించు అదొక్కటే. రెండు మూడేళ్ళు వాడేసరికి పాత నేత చీర అంత మెత్తబడుతుంది. చేతులు, మెడ పట్టీ, జిప్పు, పక్క కుట్లు కోసేసి ముందు భాగం, వెనక భాగం విడదీస్తే రెండు పెద్ద పలకలు వస్తాయి. మూడు నైటీలకు ఆరు పొరలు. కచ్చా కుట్టు గట్టిగా వేసుకుంటే కొత్తగా నేర్చుకునేవాళ్ళ మిషన్ కింద కూడా అవి కదలవు.