స్పర్శకు సూత్రధారుడు

పండిత శిక్షణ కాలంలో దశరూపకం చదివేటప్పుడు మా గురువుగారు నిషిద్ధ దృశ్యాల వరుసను మా చేత అప్పజెప్పించేవారు. దూరప్రయాణం, వధ, యుద్ధం, భోజనం, స్నానం, సురతం - ఇవేవీ రంగం మీద ప్రత్యక్షంగా చూపరాదు. ధనంజయుడు పదవ శతాబ్దివాడు. అతనికి ఎంతో పూర్వమే భరతుడు నాట్యశాస్త్రంలో శయన, చుంబన, ఆలింగనాదులు కూడవని చెప్పి, కారణం కూడా ఇచ్చాడు: తండ్రీ కొడుకులూ, అత్తా కోడళ్ళూ కలిసి కూర్చుని చూసేది నాటకం.

ఈ నిషేధం కాళిదాసు చేతిలో అందమైన కల్పనగా మారింది. శాకుంతలం మూడవ అంకంలో దుష్యంతుడు శకుంతల ముఖం పైకెత్తుతున్న వేళకు నేపథ్యం నుండి చక్రవాకవధువుకు హెచ్చరిక వినిపిస్తుంది. గౌతమి వస్తుంది, రాజు చాటుకు తప్పుకుంటాడు. జరగని ముద్దు కోసం అతడు పడిన విచారమే రసికులకు గుర్తుండిపోయింది. భట్టనారాయణుడు వేణీసంహారంలో ద్రౌపది కేశాకర్షణను రంగం మీదికి తేనేలేదు. ముడివేయని ఆమె జుట్టే ఆ కథ చెబుతుంది.

ఇవన్నీ పిల్లలకు మురిసిపోతూ చెప్పాను. ఒక్క సంగతి మాత్రం చాలా ఏళ్ళు తట్టలేదు. భరతుడు చెప్పిన కారణం చూసేవారిని గురించినది. తాకబడే నటి మాట అందులో లేదు.

మన తెలుగు రంగస్థలంపై చాలాకాలం స్త్రీ పాత్రలు పురుషులే ధరించారు గనుక ఈ ప్రశ్న అంతగా పైకి రాలేదు. స్థానం నరసింహారావుగారి సత్యభామను తలచుకుంటే చాలు. 1885లో కీచకవధతో మొదలైన సురభివారిది వేరు దారి. అక్కడ ఇంటి ఆడవారే వేషాలు కట్టారు. ఎదుటి నటుడు బావో, మరిదో, బాబాయో అయినచోట బంధుత్వమే చెప్పని నియమంగా పనిచేసి ఉంటుందని నా ఊహ. ఆ అండ లేని చోట్ల దర్శకుడి మాటే శాసనం.

నేనూ అలాంటి శాసనకర్తనే. 1991లో పాఠశాల వార్షికోత్సవానికి ద్రౌపదీ వస్త్రాపహరణం వేయించాను. దుశ్శాసనుడి వేషం కట్టిన కుర్రవాడు మొహమాటపడుతుంటే "నిజంగా పట్టుకుని లాగరా" అని గద్దించాను. ప్రదర్శన నాడు ఆ అమ్మాయి వెక్కి వెక్కి ఏడ్చింది. సభ చప్పట్లు కొట్టింది. అభినయం పండిందని నేనూ మెచ్చుకున్నాను.

ఈమధ్య ఇంటిమసీ కోఆర్డినేటర్ అనే వృత్తిని గురించి చదివాను. నాటకరంగంలో ఇంటిమసీ డైరెక్టర్ అంటారు. అమెరికాలో టోనియా సినా 2006లో ఈ విషయంపైనే పరిశోధనా వ్యాసం రాసింది. 2016లో అలీషియా రోడిస్, షివాన్ రిచర్డ్‌సన్‌లతో కలిసి ఒక సంస్థను స్థాపించింది. 2017 మీ టూ ఉద్యమం తరువాత, 2018లో హెచ్‌బీఓ తన ధారావాహికలలోని ఇటువంటి దృశ్యాలన్నిటికీ ఈ నిపుణులు ఉండాలని నిర్ణయించింది. మన దేశంలో 2022 నాటి గెహరాయియాఁ చిత్రానికి దర్ గాయ్ ఈ పని చేసింది.

వారి పద్ధతి నాకు మన తాళశాస్త్రాన్ని గుర్తుచేసింది. చెయ్యి ఎక్కడ వేయాలి, ఎంతసేపు ఉంచాలి, ఎప్పుడు తీయాలి అన్నది లెక్కకట్టి, ఇద్దరి అంగీకారంతో ముందే నిర్ణయిస్తారు. ప్రదర్శన వేళ ఆవేశంలో ఒక్క వేలు కూడా దారి తప్పరాదు. నిన్న సరేనన్నది నేడు వద్దనే హక్కు నటికి ఉంటుంది. అప్పుడు దృశ్యమే మారుతుంది.

జుట్టు పట్టి ఈడ్చే ఘట్టానికి రంగస్థల పోరాటాల శిక్షకుల వద్ద పాత ఉపాయమే ఒకటి ఉంది. లాగేవాడు జుట్టును పట్టుకోడు. పిడికిలిని తలకు ఆనిస్తాడంతే. ఆమె తన రెండు చేతులతో ఆ పిడికిలిని తలకు అదిమి పట్టుకుని, తానే కదులుతుంది. చూసేవారికి అతడు ఈడుస్తున్నట్టే ఉంటుంది, నడిపించేది ఆమె. ఒక్క పూట సాధనతో మా పిల్లలకు నేర్పగలిగేవాడినే.

మరుసటి ఏడు నాటకానికి ఆ అమ్మాయి పేరు ఇవ్వలేదు. ఎందుకని నేను అడగలేదు.