పంపు
మంచిర్యాల బాటలో మా పాత పికప్పు ఎత్తెక్కలేక మాటిమాటికి ఆగిపోగా, కరీంనగరపు మెకానిక్కు ఫిల్టరు మార్చి, గొట్టములో చొరబడిన గాలిని మర వదులుచేసి బుడగలు తీరువరకు వెడలించి, తుదకు ‘పంపు డీజిలు పంపుతలేదు సార్’ అనెను. ఆ జంటపలుకు నా చెవికి మిక్కిలి యింపైనను, యంత్రపు పేరు మన క్రియనుండి పుట్టినదని కొందరనుట సరికాదు. అది డచ్చి భాషలోని పోంపెకు చుట్టమై, 15వ శతాబ్దమున ఇంగ్లీషులో ఓడనీరు తోడు సాధనమునకు పేరైన పరదేశి. మన పంపు వేరు: కావ్యములలో అది ఆజ్ఞకును పేరు, పంపుసేయుట యనగా ఆ యాజ్ఞను నెరవేర్చుట. పని, పనుచు, పనుపు దీని తోబుట్టువులగుటచే, పంపుట యనగా తొలుత మనిషిని పనికి నియోగించుటయే యని నా తలంపు. సరకు పంపుట, మనియార్డరు పంపుట, ట్యాంకునుండి ఇంజనుకు డీజిలు పంపుట తరువాత చేరిన యర్థములు.