‘ఈ కుర్రాడు బీదవాడే’

మిడిల్ స్కూలు పరీక్షకు కట్టాల్సిన ఫీజు మూడు రూపాయలు. ఇంట్లో లేవు. టంగుటూరి ప్రకాశం తండ్రి అప్పటికే పోయాడు. తల్లి సుబ్బమ్మ ఒంగోలులో పూటకూళ్ళ ఇల్లు నడుపుతూ పిల్లల్ని సాకుతోంది. చుట్టాల్ని అడిగినా పుట్టలేదు. చివరికి ఆమె తన పట్టుచీర తాకట్టు పెట్టి ఫీజు కట్టించింది. ప్రకాశం పంతులు గురించి మాట్లాడేవాళ్ళంతా ఈ కథ చెబుతారు. కానీ తర్వాతి కథలో ఉన్న ఇమ్మానేని హనుమంతరావు నాయుణ్ణి తలుచుకునేవాళ్ళు తక్కువ. ఒంగోలు మిషన్ స్కూల్లో మేష్టారాయన. రాజమండ్రి వెళ్ళిపోతూ ఈ కుర్రాణ్ణి వెంటబెట్టుకు వెళ్ళి అక్కడ చదువు సాగేలా చూశాడు.

చదువుకు సాయం అడిగేవాడి తరఫున ఎవరో ఒకరు రెండు మాటలు చెప్పాలి. వీడు బీదవాడే. వీడు చదువుతాడు. ప్రకాశం విషయంలో ఆ రెండూ చెప్పింది నాయుడు మేష్టారు. నూటయాభై ఏళ్ళుగా తెలుగు విద్యార్థులు పొందిన సాయాల వెనక ఎవరు డబ్బిచ్చారన్నది ఎంత ముఖ్యమో, ఎవరు సాక్ష్యమిచ్చారన్నదీ అంతే ముఖ్యం.

ఇంగ్లీషు చదువులు వచ్చిన కొత్తల్లో హైస్కూళ్ళూ కాలేజీలూ రాజమండ్రి, కాకినాడ, బందరు, విజయనగరం లాంటి పట్నాల్లోనే ఉండేవి. పల్లెనుంచి వచ్చిన బీద బ్రాహ్మణ కుర్రాడు ముందు వారాలు కుదుర్చుకునేవాడు. సోమవారం ఒకరింట్లో, మంగళవారం ఇంకొకరింట్లో భోజనం. ఏడిళ్ళు దొరికితే ఏడు రోజులూ గడిచినట్టే. దరఖాస్తు నోటిమాటే. ఏ ఊరు, ఎవరబ్బాయివి, ఏ గోత్రం అని ఇంటి యజమాని అడిగేవాడు. ఆ జవాబులే సర్టిఫికెట్లు. బదులుగా కొన్నిచోట్ల నీళ్ళు తోడాలి, కొన్నిచోట్ల పిల్లలకు ఎక్కాలు చెప్పాలి, బజారు పని చెయ్యాలి. ఇంట్లో పురుడో మైలో వస్తే ఆ వారం పస్తే. అయిదిళ్ళే దొరికినవాడు మిగతా రెండు రోజులు ఎలా గడిపాడో వాడికే తెలియాలి.

ఈ వారాల సంప్రదాయాన్ని తలుచుకుని మురిసిపోయే పెద్దలు ఇప్పటికీ ఉన్నారు. అన్నం పెట్టిన చేతులకు దండం పెట్టాల్సిందే. అయితే ఆ గుమ్మాలు ఒకే కులం కుర్రాళ్ళ కోసం తెరుచుకున్నాయన్నది కూడా అంతే నిజం. మిగతావాళ్ళు తమ దారి తాము వెతుక్కున్నారు. ఊళ్ళో డబ్బున్న కులపెద్దలు కూడి హాస్టళ్ళు కట్టించుకున్నారు. హైదరాబాదులో కొత్వాలు రాజా బహదూర్ వెంకటరామరెడ్డి ముందుండి 1918లో పెట్టించిన రెడ్డి హాస్టల్ అలాంటిదే. తెలంగాణ పల్లెల కుర్రాళ్ళకు అది నివాసమే కాదు, రాజకీయ పాఠశాల కూడా అయింది. మాల, మాదిగ పిల్లలకు చాలాచోట్ల మొదట తెరుచుకున్నవి మిషనరీల బోర్డింగ్ స్కూళ్ళే. ఒంగోలు, నెల్లూరు వైపు అమెరికన్ బాప్టిస్టులు, గుంటూరు వైపు లూథరన్లు వాటిని నడిపారు. అక్కడ సాక్షి పాస్టరు. ఆయన చీటీ లేనిదే సీటు లేదు.

సంస్థానాల సంగతి వేరు. రాజావారికి అర్జీ పెట్టుకోవచ్చు, కానీ అర్జీ ఆయన కంటబడాలంటే మధ్యలో ఒక పెద్దమనిషి ఉండాలి. పిఠాపురం అదృష్టం ఏమిటంటే, అక్కడి పెద్దమనిషి రఘుపతి వెంకటరత్నం నాయుడు. రాజా సూర్యారావు బహద్దూర్‌కు గురువు, కాకినాడ పిఠాపురం రాజా కాలేజీకి 1904 నుంచి ప్రిన్సిపాలు. తన జీతంలో పెద్ద భాగం బీద విద్యార్థులకే పంచిన మనిషి. ఆయన ప్రోద్బలంతో రాజావారు కాకినాడలో అనాథశరణాలయం పెట్టించారు, దళిత విద్యార్థులకు హాస్టలు నడిపించారు. కులం అడగకుండా కుర్రాణ్ణి మాత్రమే చూసిన సాక్షులు ఆ రోజుల్లో అరుదు. అందుకే కాకినాడ పాతకాలపువాళ్ళు ఆయన పేరు ఎత్తితే గొంతు తగ్గించి మాట్లాడేవారు.

అదే కాకినాడలో మరో ధర్మసంస్థ ఉంది. కోరంగి మనిషి మల్లాడి సత్యలింగ నాయకర్ రంగూన్ వెళ్ళి, ఓడరేవు వ్యాపారంలో బాగా గడించి, ఆస్తిని ధర్మకార్యాలకు రాసిపోయాడు. ఎం.ఎస్.ఎన్. చారిటీస్ అంటే జగన్నాథపురంలో తెలియనివాళ్ళు లేరు. బర్మా రేవులో సంపాదించిన డబ్బు అట్లాంటిక్ అవతలి చదువుకు పనికొచ్చింది. ఎలాగంటే భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు ద్వారా.

సుబ్బారావు మద్రాసు మెడికల్ కాలేజీలో ఖద్దరు కట్టి సర్జరీ ప్రొఫెసర్ ఆగ్రహానికి గురయ్యాడు. ఎం.బి.బి.ఎస్. రావాల్సినచోట ఎల్.ఎం.ఎస్.తో సరిపెట్టుకోవాల్సి వచ్చింది. మద్రాసులో ఆయుర్వేద కాలేజీలో పాఠాలు చెప్పుకుంటూ అమెరికా మీద కన్నేశాడు. మెడిసిన్ చదివించిన మామగారు కస్తూరి సూర్యనారాయణమూర్తి ప్రయాణానికీ డబ్బు కూడబెట్టారు, సత్యలింగ నాయకర్ చారిటీస్ సాయానికి ముందుకొచ్చింది. 1920ల మొదట్లో బోస్టన్ చేరాడు. చేతిలో ఉన్న డిగ్రీ అక్కడివాళ్ళ లెక్కలోకి రాలేదు. ఆసుపత్రిలో డాక్టరుగా కాక రాత్రి పోర్టరుగా చేరి, రోగుల బెడ్‌పాన్లు కడిగి ఆ జీతంతో నెట్టుకొచ్చాడు. పగలు హార్వర్డ్ చదువు. తర్వాత కండర కణాల్లో శక్తి రహస్యం నుంచి ఫోలిక్ యాసిడ్, మెథోట్రెక్సేట్ దాకా ఆయన పరిశోధనలు ఎలా సాగాయో వైద్య చరిత్ర చెబుతుంది. మనకు కావాల్సింది ఇంత చిన్న విషయం: సాయం టిక్కెట్టు దాకా వచ్చింది, కడుపు దాకా రాలేదు. విదేశీ చదువుకు అప్పు చేసి వెళ్ళి పెట్రోలు బంకులో రాత్రి డ్యూటీ చేస్తున్న నేటి కుర్రాళ్ళకు ఇది కొత్త సంగతేం కాదు.

సుబ్బారావు కన్నా పదేళ్ళు ముందు ఇంకో భారతీయుడు న్యూయార్క్ వెళ్ళాడు. 1913లో బరోడా మహారాజు సయాజీరావు గైక్వాడ్ డాక్టర్ అంబేడ్కర్‌కు నెలకు పదకొండున్నర పౌండ్ల చొప్పున మూడేళ్ళ స్కాలర్‌షిప్ ఇచ్చాడు. బదులుగా పదేళ్ళు బరోడా కొలువులో పనిచేస్తానని ఒప్పందం. కొలంబియాలో చదువు పూర్తిచేసి లండన్ వెళ్ళేసరికి గడువు అయిపోయింది. పరిశోధన సగంలో వదిలి 1917లో తిరిగొచ్చాడు. బరోడాలో ఉండటానికి ఇల్లు దొరకలేదు. పార్శీ సత్రంలో దిగితే కులం తెలిసి వెళ్ళగొట్టారు. ఒప్పందం రాసింది రాజే, డబ్బిచ్చింది రాజే, కానీ రాజు డబ్బు ఊళ్ళో గది ఇప్పించలేకపోయింది. ఆగిన చదువు కోసం 1920లో కొల్హాపూర్ సాహూ మహారాజు సాయమూ, పార్శీ మిత్రుడు నవల్ భథేనా అప్పూ కలుపుకుని మళ్ళీ లండన్ వెళ్ళాడు.

దయ మీద ఆధారపడిన చదువు ఏ క్షణాన ఆగిపోతుందో ఆయనకు తెలిసినంతగా మరెవరికీ తెలియదనిపిస్తుంది. 1942లో వైస్రాయి కార్యనిర్వాహక మండలిలో సభ్యుడయ్యాక ఆ సంగతి కాగితం మీద పెట్టాడు. అలీగఢ్, బనారస్ విశ్వవిద్యాలయాలకు ఏటా మూడేసి లక్షలిస్తున్న ప్రభుత్వం దళిత విద్యార్థులకు ఎందుకివ్వదని వైస్రాయి లిన్‌లిత్‌గోను అడిగాడు. ఏటా మూడు లక్షలు కేటాయించారు. 1944లో మొదలైన ఆ పథకమే మన పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్‌కు మూలం. స్వాతంత్ర్యం వచ్చాక గిరిజనులకూ విస్తరించారు. విద్యార్థి తొలిసారి రాజునో జమీందారునో కాక ప్రభుత్వాన్ని అడుగుతున్నాడు. అడగటం కూడా కాదు, తనకు రావాల్సింది రాయించుకుంటున్నాడు. నా దృష్టిలో మన చదువుల చరిత్రలో ఇంతకన్నా పెద్ద మలుపు లేదు.

సాక్షి అవసరం మాత్రం పోలేదు. మేష్టారి స్థానంలో తాసీల్దారు వచ్చాడు. కుల ధ్రువీకరణ పత్రం, ఆదాయ ధ్రువీకరణ పత్రం, స్టడీ సర్టిఫికెట్, వాటికి గెజిటెడ్ అధికారి సంతకం. స్కూటరు దిగుతున్న డాక్టరుగారి వెనకో, వెటర్నరీ ఆసుపత్రి గుమ్మంలోనో జిరాక్సు కట్టతో నిలబడ్డ కుర్రాళ్ళను ఓ తరం బాగా ఎరుగును. ముక్కూమొహం తెలియని అధికారి ఆకుపచ్చ ఇంకుతో ఇది నిజమే అని రాస్తే అది నిజం.

ఆదాయ పత్రం మరీ తమాషా. కూలికెళ్ళే తండ్రికి జీతం స్లిప్పు ఉండదు. రెండెకరాల కౌలు రైతు లెక్క వానను బట్టి మారుతుంది. ఎంత రాయాలో ఇటు దరఖాస్తుదారుకూ తెలియదు, అటు రెవెన్యూ ఉద్యోగికీ తెలియదు. పరిమితికి కొంచెం కింద ఉండే అంకె వేస్తారు. పరిమితి రెండు లక్షల రూపాయలైతే ఊళ్ళో కుటుంబాల ఆదాయం ఏటా లక్షా ఎనభై వేల దగ్గరే ఆగి ఉంటుంది. బీదరికాన్ని రూపాయల్లో కొలవమంటే జరిగేది ఇదే. నిజంగా పరిమితికి అయిదు వేలు దాటిన చిన్న ఉద్యోగి కొడుకు మాత్రం జీతం స్లిప్పు ఉన్న పాపానికి పక్కకు తప్పుకుంటాడు.

2008 ప్రాంతంలో వై.ఎస్. రాజశేఖరరెడ్డి ప్రభుత్వం ఫీజు రీయింబర్స్‌మెంట్‌ను బీసీలకూ, ఆపైన ఆర్థికంగా వెనకబడిన ఇతరులకూ విస్తరించింది. అంతకుముందు ఇంజినీరింగ్ ఊసెత్తని ఇళ్ళ నుంచి పిల్లలు బస్సెక్కి కాలేజీలకు వెళ్ళారు. ఉమ్మడి రాష్ట్రంలో ఇంజినీరింగ్ కాలేజీలు 700 దాటాయి. ఫీజు ప్రభుత్వమే కడుతుందంటే పుట్టుకొచ్చిన కాలేజీలు ఎన్ని, చదువు చెప్పేవి ఎన్ని అన్నది ఆ రోజుల్లో పాఠాలకు వెళ్ళినవాళ్ళే చెప్పాలి. అయినా ఆ పథకం వల్లే ఇంట్లో మొదటి ఇంజినీరు అయినవాళ్ళను లెక్కపెట్టడం మొదలుపెడితే సాయంత్రానికి కూడా తేలదు.

విభజన తర్వాత రెండు రాష్ట్రాలూ తమ తమ మార్పులు చేశాయి. తెలంగాణలో ఇంజినీరింగ్ ప్రవేశపరీక్షలో పదివేల లోపు ర్యాంకు వచ్చిన బీసీ విద్యార్థికి పూర్తి ఫీజు, ఆపైన వస్తే 35,000 రూపాయల దాకా. ఆంధ్రప్రదేశ్‌లో విద్యా దీవెన పేరుతో కొన్నాళ్ళు డబ్బు తల్లుల ఖాతాలో వేశారు. 2024లో ప్రభుత్వం మారాక మళ్ళీ కాలేజీకే ఇస్తామన్నారు. దరఖాస్తు ఇప్పుడు ఆన్‌లైన్ పోర్టల్‌లో. మీసేవలో ఆదాయ పత్రం, వేలిముద్ర, ఆధార్ లింకైన ఖాతా, కాలేజీలో హార్డ్ కాపీ, మరుసటి ఏడు రెన్యువల్. ఆర్టీఎఫ్ వచ్చిందా, ఎంటీఎఫ్ వచ్చిందా అని స్నేహితులు అడుగుతుంటారు. మొదటిది ట్యూషన్ ఫీజు, రెండోది మెస్సు ఖర్చు.

ఈ మధ్య తిరకాసు ఇంకోచోట వచ్చింది. విద్యార్థి బీదవాడని ప్రభుత్వమే ఒప్పుకుంటుంది, డబ్బు మాత్రం నెలల తరబడి, ఒక్కోసారి ఏళ్ళ తరబడి విడుదల కాదు. బకాయిల కోసం కాలేజీల యాజమాన్యాలు బంద్ చేస్తాయి. కోర్సు పూర్తయిన కుర్రాడు టీసీ, మార్కుల మెమో అడిగితే ముందు ఫీజు కట్టు, ప్రభుత్వం ఇచ్చాక తీసుకో అంటారు. ఒరిజినల్ సర్టిఫికెట్లు అట్టేపెట్టుకోకూడదని యూజీసీ 2018లోనే కాలేజీలకు చెప్పింది. అది తెలిసిన కుర్రాడు కూడా ఉద్యోగంలో చేరే తేదీ ముంచుకొస్తుంటే కౌంటరు ముందు వాదించలేడు. తండ్రికి ఫోన్ చేస్తాడు. తండ్రి వడ్డీ ఎంతో కనుక్కుంటాడు.