అలుగు కింది వాగు: మూడు పాలమూరు పట్టణాల అంచున మొసలి, తాబేలు

పాత పాలమూరు జిల్లాలోని గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ 2016 అక్టోబరు 11న జిల్లా కేంద్రాలయ్యాయి. అప్పటినుంచి ఊరి అంచులు వాగుల దాకా, చెరువుల శిఖం దాకా జరుగుతూ వస్తున్నాయి. ఈ ప్రాంతంలో వన్యప్రాణి అనగానే చూపు అమ్రాబాద్ పులుల అభయారణ్యం మీదికే పోతుంది. సహజమే, 2,611 చదరపు కిలోమీటర్ల అడవి అది. అయితే వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో పులి సరసన చేరిన మగ్గర్ మొసలికీ, మెత్తటి డిప్ప తాబేలుకూ అడవితో పనిలేదు. వాటికి నీళ్ళూ గట్టూ ఉంటే చాలు. ఐయూసీఎన్ ఎర్ర జాబితాలోనూ ఈ రెండింటినీ ముప్పు పొంచి ఉన్నవిగానే లెక్కగట్టారు.

వనపర్తి సంస్థానపు సప్తసముద్రాలనే ఏడు చెరువుల్లోని రంగసముద్రం, శంకరసముద్రం ఇవాళ రాజీవ్ భీమా ఎత్తిపోతలకు బ్యాలెన్సింగ్ రిజర్వాయర్లు. వాన కోసం ఎదురుచూసిన చెరువుల్లోకి కృష్ణ నీళ్ళు చేరుతున్నాయి. నీళ్ళు నిలిచే నెలలు పెరిగితే మొసలి నిలిచే నెలలూ పెరుగుతాయని నా అంచనా. వనపర్తి పల్లెల పొలాల్లో మొసలి దొరికిందన్న వార్త ఇప్పుడు ఎవరినీ ఆశ్చర్యపరచదు. చాలాసార్లు దాన్ని పట్టి మళ్ళీ కృష్ణలో వదులుతారు. అది దారి తప్పి వచ్చిందనుకోవడం మన పొరపాటు. మడుగు ఎండితే మగ్గర్ నేలమీద నడిచి మరో నీటి పట్టు వెతుక్కుంటుంది. గొలుసుకట్టు చెరువుల మధ్య అలుగు పారే వాగే దానికి తోవ.

ఆ తోవను మన నియమాలు ఎలా కొలుస్తున్నాయి? 2012 నాటి భవన నిర్మాణ నియమాలు, అంటే జీవో 168, పది హెక్టార్లు, ఆపైన ఉన్న చెరువుకు ఎఫ్‌టీఎల్ (పూర్తి నీటిమట్టం) నుంచి 30 మీటర్లు, చిన్న కుంటకు 9 మీటర్లు వదలమన్నాయి. వాగు వెడల్పు పది మీటర్లు దాటితే 9 మీటర్లు, లేకుంటే 2 మీటర్లే. కొలత అంతా నీటి విస్తీర్ణం, వెడల్పులను బట్టే. మొసలి లెక్క వేరు. అది గట్టులో బొరియ తవ్వుతుంది, నీటికి ఎగువన పొడినేలలో గుంట తీసి పాతిక ముప్పై గుడ్లు పెడుతుంది. రెండు మీటర్ల పట్టీలో గోడ లేవదు, నిజమే. కానీ పట్టీ అవతల లేచే గోడకు పునాది తీసినప్పుడు వచ్చిన మట్టి పడేది ఆ పట్టీలోనే.

తాబేలు సంగతి ఇంకా చిక్కు. చెరువెండితే అది తరచుగా ఎక్కడికీ పోదు. ఒండ్రులో కూరుకుని, కాళ్ళు ముడుచుకుని, పొట్టకింది తలుపులు మూసుకుని వాన కోసం ఆగుతుంది. 2015లో మొదలైన మిషన్ కాకతీయలో పూడికతీత సాగింది ఎక్కువగా ఎండాకాలంలోనే. అప్పుడే కదా చెరువు అడుగు తేలేది! ఆ మట్టి పొలాలకు బలమన్న మాట నేను కాదనను. నాగర్‌కర్నూల్ కేసరిసముద్రం లాంటి పట్టణపు చెరువుల్లోనైనా పొక్లెయిన్ దిగేముందు అడుగు ఒండ్రును ఒక వరుస తడిమి చూసే పని ఎవరి విధుల్లో ఉందో, పూడికతీత అంచనా పత్రాల్లో ముందుగా వెతకాలి.

కాలం కూడా కలిసి రాదు. మగ్గర్ ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ మధ్య గుడ్లు పెడుతుంది, అవి పిల్లలు కావడానికి సుమారు రెండు నెలలు పడుతుంది. తాబేలు ఒండ్రులో ఉండేదీ, కట్టల మీద యంత్రాలు తిరిగేదీ ఆ నెలల్లోనే.